వెనక తిప్పి చూశాకే బిగించాలి: స్విచ్ బోర్డులు మార్చే పని డైరీ

ఇంట్లోని స్విచ్ బోర్డులన్నీ ఒక్కొక్కటిగా విప్పి చూసి, పనికిరానివి మార్చే పని మొదలుపెట్టాను. బోర్డులు పెట్టి ఎక్కువ కాలం కాలేదు. పైకి తళతళలాడుతూనే ఉన్నాయి. అయినా ఒకదాని తర్వాత ఒకటి మొరాయిస్తున్నాయి. ఒకచోట సాకెట్‌లో ప్లగ్ నిలవదు. ఒకచోట స్విచ్ వేస్తే లోపల చిటచిటలాడుతుంది. గీజర్ పాయింట్ దగ్గరికి వెళ్తే సన్నగా మాడు వాసన. ఏ బోర్డులో ఏం కనిపించిందో, దానికి ఏం చేశానో ఎప్పటికప్పుడు రాసి పెడుతున్నాను. ఇదే పని తలపెట్టినవాళ్లకు ఎక్కడ చూడాలో ముందే తెలుస్తుంది.

ముందుగా ఒక్క మాట. గోడ మీద స్విచ్ ఆపితే బోర్డులో కరెంటు పోయినట్టు కాదు. మెయిన్ ఆపాలి. ఆపాక కూడా టెస్టర్‌ను గుడ్డిగా నమ్మకూడదు. ముందు కరెంటు ఉన్న చోట పెట్టి అది వెలుగుతుందో లేదో చూడాలి, తర్వాత పని చేయబోయే చోట పెట్టాలి, మళ్లీ కరెంటు ఉన్న చోట పెట్టి చూడాలి. చివరి పరీక్ష చాలామంది వదిలేస్తారు. మధ్యలో టెస్టర్ పాడైతే, అది వెలగకపోవడం చూసి కరెంటు లేదనుకుంటాం. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే.

హాలు బోర్డు, శనివారం

పైకవరు ఊడదీయడం సులువే. లోపలి ఫ్రేమును పట్టి ఉంచిన స్క్రూలే ఏడిపించాయి. తలలో గుంట ప్లస్సూ కాదు, మైనస్సూ కాదు, రెండూ కలిపి పోత పోసినట్టుంది. ప్లస్ స్క్రూడ్రైవర్ పెడితే పైకి ఎగదన్నుతుంది, మైనస్ పెడితే పక్కకు జారుతుంది. ప్లస్ గుంటలోనే రెండు రకాలున్నాయి. మామూలుగా మనం స్టార్ అనేది ఫిలిప్స్ రకం. హెన్రీ ఎఫ్. ఫిలిప్స్ అనే అమెరికన్ 1936లో దానికి పేటెంట్లు తీసుకున్నాడు. తర్వాత వచ్చిన పోజిడ్రైవ్ రకంలో ప్లస్ గీతల మధ్య సన్నగా మరో నాలుగు గీతలుంటాయి. ఒక రకం స్క్రూకు రెండో రకం డ్రైవర్ వాడితే కాస్త తిరుగుతుంది, గట్టిగా తిప్పాల్సి వచ్చేసరికి గుంట అరిగిపోతుంది. ఈ బోర్డు స్క్రూలకు ఆ నాలుగు గీతలున్నాయి. పోజిడ్రైవ్ బిట్ పెట్టగానే మూడు మామూలుగా వచ్చేశాయి. నాలుగోదాని ఇనుము మరీ మెత్తన, తల మైనంలా నలిగిపోయింది. చివరికి కటింగ్ ప్లేయర్‌తో తల అంచు పట్టుకుని తిప్పి తీశాను.

గోడలోని బాక్సు అంతకంటే అన్యాయం. స్క్రూ పట్టాల్సిన చెవి పల్చటి రేకు. ఎం3.5 స్క్రూకు (అంటే మూడున్నర మిల్లీమీటర్ల లావు స్క్రూకు) ఒక మర నుంచి ఇంకో మరకు దూరం 0.6 మిల్లీమీటర్లు. రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా లేకపోతే ఆ చెవిలో రెండు మరలు కూడా పడవు. మొదటిసారి బిగించినప్పుడు నిలబడుతుంది, రెండోసారి విప్పి బిగిస్తే తెగుతుంది. పరిశీలించడానికి ఒక్కసారైనా విప్పకుండా ఏ బోర్డూ ఉండదు కదా! రేకును కాస్త లోపలికి మడిచి, ఆ మడతలో మర కోస్తే మూడు నాలుగు చుట్లు దొరికేవి. మడత పెట్టడం పెద్ద ఖర్చు కాదు. అయినా పెట్టలేదు.

తెగిన చెవులకు ఎం4 ట్యాప్‌తో కొత్త మర కోసి, కొంచెం లావు స్క్రూలు పెట్టాను. ప్రస్తుతానికి గట్టిగానే ఉన్నాయి. గోడ పగలగొట్టి బాక్సు మార్చే పని లేకుండా పోయింది.

గీజర్ పాయింట్, ఆదివారం

మొత్తం పనిలో నన్ను నిజంగా భయపెట్టింది ఇది.

ప్లేటు తీయగానే ఫేజ్ టెర్మినల్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, ఒక మూల కరిగి కారి, మళ్లీ గడ్డకట్టి కనిపించింది. వైరు మీది తొడుగు రెండంగుళాల మేర పెళుసుబారి, వంచితే పెంకులుగా రాలింది. లోపలి రాగి నల్లబడింది. స్క్రూ మాత్రం చూడ్డానికి బిగుతుగానే ఉంది. వేలితో వైరును అటూ ఇటూ కదిపితే టెర్మినల్ లోపల కదులుతోంది.

3000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు లాగుతుంది. జాయింటు సరిగ్గా ఉంటే దాని నిరోధం ఓమ్‌లో వెయ్యో వంతు, అటూ ఇటుగా ఉంటుంది. కరెంటును దానితోనే గుణించి, మళ్లీ నిరోధంతో గుణిస్తే వేడి ఎంతో వస్తుంది. అలా చూస్తే మంచి జాయింటు దగ్గర పుట్టే వేడి పావు వాట్ కూడా ఉండదు, చేతికి తెలియదు. అదే జాయింటు వదులై నిరోధం పదో వంతు ఓమ్‌కు పెరిగితే వేడి దాదాపు 17 వాట్లు. ఎలక్ట్రానిక్స్ పనికి వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ సాధారణంగా 25 వాట్లు ఉంటుంది. దానికి కాస్త తక్కువ వేడిని, గాలి ఆడని బాక్సులో, ప్లాస్టిక్‌కు ఆనించి పెట్టినట్టే ఇది.

పైగా అది అక్కడితో ఆగదు. వేడికి లోహం సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. రోజూ అలా జరిగితే స్క్రూ ఇంకాస్త వదులవుతుంది. రాగి మీద ఆక్సైడ్ పొర పేరుకుంటుంది, అది కరెంటును సరిగ్గా పోనివ్వదు. నిరోధం ఇంకా పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ముదిరితే ఆ ఆక్సైడ్ ఎర్రగా కాలి మెరుస్తుంది కూడా.

"ఎంసీబీ ఉంది కదా, అది పడిపోతుందిలే" అనే మాట ఇంట్లోనూ విన్నాను, బయటా విన్నాను. పడదు. ఎంసీబీ చూసేది కరెంటు ఎక్కువైందా అని. వదులు జాయింటు దగ్గర కరెంటు పెరగదు, వెంట్రుకవాసి తగ్గుతుంది. 13.04 ఆంపియర్లు ఉండాల్సింది 12.97 అవుతుంది. ఎంసీబీ దృష్టిలో అంతా మామూలే. ఆర్‌సీసీబీ సంగతీ అంతే. ఫేజ్‌లో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని అది చూస్తుంది. ఇళ్లలో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే ఆపేస్తుంది, ఎర్త్‌లోకి కరెంటు పోయే షాక్‌లు ప్రాణం మీదికి రాకుండా చాలావరకు కాపాడుతుంది. కానీ ఇక్కడ ఆ రెండు కరెంట్లూ సమానమే. లోపల ప్లాస్టిక్ కాలుతున్నా దానికి తెలియదు. వదులు జాయింటు దగ్గర పుట్టే స్పార్కును పసిగట్టే పరికరాలు వేరే ఉన్నాయి, ఏఎఫ్‌డీడీ అంటారు. చాలా ఇళ్లలో ఉండవు. అంటే మన ఇళ్లలో ఈ ప్రమాదానికి కాపలా కాసేది ఆ చిన్న స్క్రూ ఒక్కటే. తయారీలో ఇత్తడి మిగుల్చుకున్నదీ సరిగ్గా దాని దగ్గరే.

ఆ టెర్మినల్‌ను విడదీసి చూశాను. స్క్రూ మొన నేరుగా వైరు మీద గుచ్చుకునే రకం, మధ్యలో నొక్కే పలక లేదు. నేరుగా గుచ్చితే పోగులు పక్కలకు చెదిరిపోతాయి, రెండో మూడో తెగుతాయి, మిగతావి వదులుగా ఉంటాయి. పలక ఉన్న టెర్మినల్ అన్ని పోగులనూ సమంగా అదుముతుంది. ఇక అయస్కాంతం పెట్టి చూస్తే టెర్మినల్ టక్కున అతుక్కుంది. ఇత్తడి అయస్కాంతానికి అంటదు. పైన పసుపు పూత, లోపల ఇనుము. పూత లేచిపోయిన చోట తుప్పు మొదలైంది కూడా.

కాలిన వైరును ఆరోగ్యంగా ఉన్న రాగి కనిపించేదాకా కత్తిరించాను. అదృష్టవశాత్తూ బాక్సులో వైరు కొంచెం వదిలి పెట్టారు, సరిపోయింది.

అదే పాయింట్, తర్వాతి వారం

గీజర్ లైను మెయిన్ బోర్డు వైపు కూడా చూడాలి కాబట్టి లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్న పెద్దమనిషి. మెయిన్ బోర్డులో న్యూట్రల్ లింక్ (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ) దగ్గర ఒక స్క్రూ తిప్పుతూ ఆగాడు.

"అన్నా, ఇంకా తిరుగుతోంది కదా, మరో చుట్టు బిగిద్దామా?" అన్నాను.

"వద్దు సార్. తిరుగుతోందంటే బిగుస్తోందని కాదు. మర తెగి ఊరికే తిరుగుతోంది. వైరు లాగి చూడండి, మీకే తెలుస్తుంది."

లాగాను. చేతిలోకి వచ్చేసింది.

"వైరు పెట్టాక లాగి చూడకపోతే పని పూర్తయినట్టు కాదు సార్," అన్నాడు. ఆ తర్వాత ప్రతి జాయింటునూ లాగి చూడందే ప్లేటు మూయడం లేదు. ఆ న్యూట్రల్ లింక్‌ను నిండు ఇత్తడిదానితో మార్చేశాం.

ఆయన దగ్గర టార్క్ స్క్రూడ్రైవర్ ఉంది. ఎంత బలంతో బిగించాలో ముందే పెట్టుకుంటే, అంత రాగానే టిక్కుమని జారిపోతుంది. ఎం3.5 స్క్రూకు దాదాపు 0.8 న్యూటన్ మీటర్లు, ఎం4కు దాదాపు 1.2. తయారీదారు అంకె ఇస్తే దాన్నే పాటించాలి. నాసిరకం టెర్మినళ్లలో కొన్ని ఆ బలం రాకముందే మర తెగి ఊరికే తిరిగాయి. బలం ఎక్కువ పెట్టినందుకు తెగిందని అనడానికి అక్కడ వీల్లేదు, కొలిచి పెట్టిన బలమే అది.

పోగుల వైరు గురించి కూడా ఆయన దగ్గర ఒక సంగతి తేల్చుకున్నాను. పోగులు చెదరకుండా కొనకు సీసం పూయడం చాలా చోట్ల చూస్తాం. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది. కానీ స్క్రూ ఒత్తిడికి సోల్డర్ నెమ్మదిగా పక్కకు జరుగుతుంది, కొన్నాళ్లకు జాయింటు దానంతటదే వదులవుతుంది. స్క్రూ టెర్మినల్‌లోకి వెళ్లే వైరుకు సీసం వద్దు. పోగులన్నిటినీ కలిపి పట్టే చిన్న లోహపు గొట్టం, ఫెర్రూల్ తొడిగి, దాని ప్లేయర్‌తో నొక్కాలి. గీజర్ లైనుకు అలాగే చేశాం.

వంటింటి సాకెట్

మిక్సీ ప్లగ్ పెడితే కిందికి వేలాడుతోంది. విప్పి చూస్తే పిన్నును పట్టుకునే లోపలి పట్టీలు విచ్చుకుపోయాయి. మంచి సాకెట్‌లో ఈ పట్టీ వంచినా తిరిగి తన రూపానికి వచ్చే ఫాస్ఫర్ బ్రాంజ్ లాంటి లోహంతో ఉంటుంది, లేదా ఇత్తడి పట్టీకి వెనక ఉక్కు స్ప్రింగ్ బిగించి ఉంటుంది. ఇందులో రెండూ లేవు. పల్చటి ఇత్తడి రేకును గుండ్రంగా చుట్టి వదిలేశారు. కొన్ని వారాలు వాడితే అది విచ్చుకుని, ఇక ముడుచుకోదు. ప్లేయర్‌తో నొక్కి దగ్గర చేయవచ్చు, కొన్నాళ్లకు మళ్లీ విచ్చుకుంటుంది. నొక్కలేదు, మార్చేశాను.

ఎర్త్ రంధ్రం వెనక ఏ వైరూ లేదు. మూడు పిన్నుల సాకెట్ పెట్టారు, మూడోది అలంకారానికి వదిలేశారు. బాక్సులోనే పచ్చ వైరు చుట్టచుట్టి పడి ఉంది! దీనికి తయారీదారును అనలేం, బిగించినవాళ్లు చేయని పని. ఎర్త్ పిన్ను మిగతా రెంటికంటే పొడవుగా ఉండేది అది ముందు తగిలి చివర వదలాలని. అంత ఆలోచించి పెట్టిన ఏర్పాటును కలపకుండా వదిలేయడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. కలిపాను, లాగి చూశాను, మీటర్‌తో ఎర్త్ ఉందో లేదో చూసుకున్నాను.

తలుపు బందులు

కరెంటు పని కాదు, కానీ జబ్బు అదే. బీరువా తలుపు బందు స్క్రూ తిప్పుతుంటే తల తెగి చేతిలోకి వచ్చింది. తెగిన చోట బూడిదరంగు గరుకు గరుకుగా ఉంది. పైన మెరుపు పూత, లోపల జింక్ పోత. ఉక్కు స్క్రూ వంగుతుంది, ఇది పెళుక్కుమని విరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలువి తెచ్చి వేశాను. ఇత్తడి స్క్రూలే కావాలనుకునేవాళ్లు ముందు సన్నటి రంధ్రం వేసి, అదే సైజు ఉక్కు స్క్రూను ఒకసారి ఎక్కించి తీసి, ఆ మరలో ఇత్తడిది బిగించాలి. నేరుగా ఎక్కిస్తే ఇత్తడి మధ్యలో తెగుతుంది.

కొత్త సరుకు ఎంచుకోవడం

దీనికే ఎక్కువ టెన్షన్ పడ్డాను. డబ్బా మీద ముందు వైపు ఫొటో, రంగుల పేర్లు, మెరుపు గురించి మాటలు. వెనక వైపు ఎలా ఉంటుందో డబ్బా మీద ఎక్కడా కనిపించదు. కాబట్టి డబ్బా తెరిపించి, సరుకు వెనక తిప్పి చూడాలి. నేను చూసినవి ఇవి. టెర్మినల్‌కు అయస్కాంతం అంటకూడదు (స్ప్రింగులు, కొన్ని మంచి కంపెనీల స్క్రూలు ఉక్కువి కాబట్టి అంటుతాయి, అది తప్పు కాదు). స్క్రూను పూర్తిగా విప్పినా ఊడి కింద పడకూడదు. స్క్రూకూ వైరుకూ మధ్య నొక్కే పలక ఉండాలి. వైరు దూరే రంధ్రంలో నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరు ఇబ్బంది లేకుండా పట్టాలి. సాకెట్‌లో ప్లగ్ పెట్టి తీస్తే కొంచెం బలం పెట్టాల్సి రావాలి. చేతిలో పట్టుకుంటే బరువు తెలియాలి. బరువొక్కటే చూసి మోసపోవచ్చు, కొన్నిటిలో ఇనప ముక్క పెట్టి బరువు పెంచుతారు, అందుకే అయస్కాంతం కూడా.

ప్లాస్టిక్ సంగతి చేత్తో తేలదు, ప్రమాణం ముద్ర చూడాల్సిందే. ఇంటి సాకెట్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60884-1. దాని పరీక్షల్లో కరెంటు భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్‌కు 850 డిగ్రీల సెల్సియస్‌కు కాచిన తీగను ఆనిస్తారు. తీగ తీశాక మంట తనంతట తనే ఆరిపోవాలి. టెర్మినళ్ల దగ్గర వేడి చుట్టుపక్కల కంటే 45 డిగ్రీలకు మించి పెరగకూడదు. స్విచ్చులకు వేరే ప్రమాణం ఉంది, ఐఈసీ 60669-1. నా గీజర్ పాయింట్‌లో కరిగి కారిన ముక్క ఆ తీగ పరీక్ష దాకా కూడా వెళ్లి ఉండదని నా గట్టి నమ్మకం. దాని మీద ఆంపియర్లూ వోల్టులూ అచ్చు వేశారు గానీ ఏ ప్రమాణం పేరూ లేదు.

పడకగది బోర్డు

ఎల్‌ఈడీ బల్బు స్విచ్ ఆపాక కూడా మసగ్గా వెలుగుతోందని ఇంట్లో ఎప్పటినుంచో అంటున్నారు. బల్బు మార్చినా అంతే. స్విచ్‌లో చిన్న ఇండికేటర్ దీపం ఉంటే దాని గుండా పోయే కొద్దిపాటి కరెంటుకే ఎల్‌ఈడీ ఇలా మెరుస్తుంది, అందులో ప్రమాదం లేదు. ఈ స్విచ్‌లో ఇండికేటర్ లేదు. టెస్టర్ పెడితే అసలు విషయం బయటపడింది. స్విచ్‌ను ఫేజ్‌లో కాకుండా న్యూట్రల్‌లో పెట్టారు. ఆపినా హోల్డర్ దాకా ఫేజ్ వచ్చి కూర్చుంటుంది. దీపం ఆరింది కదా అని బల్బు మార్చబోయి హోల్డర్‌లో వేలు తగిలితే షాక్ తప్పదు. ఇన్నాళ్లూ ఈ బల్బు మార్చిన ప్రతిసారీ మెయిన్ ఆపే మార్చాం కాబట్టి సరిపోయింది. వైర్లు సరిచేశాక మసక వెలుగు పోయింది.

స్విచ్ మాత్రం పారేయకుండా కోసి చూశాను. కాంటాక్టు మీద వెండి మిశ్రమం బొట్టు ఉండాలి. స్విచ్ తెరిచేటప్పుడు పుట్టే స్పార్కును తట్టుకునేది ఆ బొట్టే. ఇందులో ఒక వైపు బొట్టు ఉంది, అవతలి వైపు వట్టి రాగి. ఆ రాగి గుంటపడి, మసిబారి ఉంది. చిటచిట శబ్దం ఎక్కడిదో తెలిసింది. హాలు స్విచ్చులూ ఇదే తయారీ, వాటినీ మార్చే జాబితాలో రాసుకున్నాను.

ఇప్పటికి పరిస్థితి

గీజర్ పాయింట్‌లో సాకెట్, ప్లగ్ రెండూ తీసేసి, ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి ఆపే డబుల్ పోల్ స్విచ్‌కు వైరును నేరుగా కలిపాం. వదులయ్యే చోట్లలో ఒకటి తగ్గింది. అరగంట నడిపి ప్లేటు మీద చెయ్యి పెడితే వేడి తెలియడం లేదు, వాసనా లేదు. వంటింటి సాకెట్‌లో మిక్సీ ప్లగ్ గట్టిగా నిలుస్తోంది. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే పడుతోంది.

మిగిలినవి: హాలు స్విచ్చులు, ఫ్యాను రెగ్యులేటర్ బోర్డు, బయటి దీపం హోల్డర్. రెగ్యులేటర్ బోర్డులో ఒకే టెర్మినల్ కింద లావు వైరు, సన్న వైరు కలిపి దూర్చారు. లావుది బిగుసుకుని సన్నది వదిలేస్తుంది, కాబట్టి వాటిని విడదీసి కనెక్టర్‌తో కలపాలి. బయటి హోల్డర్‌లోకి నీళ్లు వెళ్లిన మరకలున్నాయి, దానికి రబ్బరు వాషరున్న హోల్డర్ తెచ్చి పెట్టాను. మార్చిన జాయింట్లన్నిటినీ కొన్నాళ్లు వేడెక్కి చల్లారాక మెయిన్ ఆపి మళ్లీ లాగి చూస్తాను. మర తెగిన టెర్మినళ్లు, కాలిన సాకెట్, కోసిన స్విచ్ ఒక డబ్బాలో ఉన్నాయి. ఈసారి హాలుకు స్విచ్చులు కొనేటప్పుడు వాటిని పక్కన పెట్టుకుని పోల్చి చూసి తీసుకుంటాను.